గుత్తిలో ఎమ్డెన్, నా ఇత్తడి పిచ్చి

నీళ్లకు మొహం వాచిన ఊరు మాది. 1776లో హైదర్ అలీ గుత్తి కోటను చుట్టుముట్టినప్పుడు కోట ఏలిక మురారిరావును లొంగదీసింది ఫిరంగుల కంటే కోటలో అడుగంటిన నీళ్లే అంటారు. ఇప్పటికీ జూన్ వచ్చిందంటే మా కళ్లన్నీ మబ్బు మీదే. అలాంటి ఊళ్లో, కొండా ఎర్రదుమ్మూ తప్ప మరొకటి కనపడని చోట కూర్చుని నేను యుద్ధనౌకలు కడతాను. ప్లాస్టిక్ నౌకలు, కొలత ప్రకారం తగ్గించినవి. ఈ పిచ్చిలో పోసిన డబ్బు, ఆడిన అబద్ధాలు, ఇంటిల్లిపాదినీ పెట్టిన తిప్పలు ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీ బీరువాలో కూడా ఇలాంటిదేదో ఒకటి దాగి ఉంటుందని నాకు గట్టి నమ్మకం. కెమెరా లెన్సో, వీణో, కుట్టుమిషనో, పేరు ఏదైతేనేం.

నా నౌక ఎమ్డెన్. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ క్రూయిజర్. తొమ్మిదిన్నర ప్రాంతంలో చీకట్లో రేవుకు దగ్గరగా వచ్చి, సర్చిలైట్లు వేసి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద కొద్ది నిమిషాల్లో నూటికి పైగా గుండ్లు పేల్చింది. చమురు అంటుకుంది, మనుషులు చచ్చిపోయారు, తెల్లారేసరికి నౌక జాడ లేదు. భయంతో వేలమంది మద్రాసు వదిలి వెళ్లారు. మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలుమార్గం 1871 నాటికే మా గుత్తి మీదుగా పూర్తయి ఉంది. ఆ వారం మా స్టేషన్‌లో ఆగిన బళ్లలో ఎంతమంది పిల్లల్ని చంకనేసుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారో అని ఇప్పటికీ అనుకుంటాను. చెన్నై హైకోర్టు ప్రహరీ దగ్గర ఆ గుండ్లలో ఒకటి పడ్డచోట ఒక ఫలకం ఉంది. దాన్ని చూసిన రోజే ఈ నౌక కట్టాలని నిశ్చయించుకున్నాను.

జర్మనీ కంపెనీ రెవెల్ ఈ నౌకను 1/350 స్కేలులో కిట్‌గా చేసింది. అసలు ఎమ్డెన్ పొడవు 118 మీటర్ల చిల్లర. 350తో భాగిస్తే దాదాపు 34 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర. పెట్టె తెరిస్తే బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు, వాటికి అంటుకుని పొగగొట్టాలు, పడవలు, తుపాకులు, కొయ్యలు. ఒక్కొక్కటీ కత్తిరించి, ఆకురాయితో నున్నగా రుద్ది, జిగురుతో అతికి, రంగు వేస్తే నౌక. తీరుబడిగా చేసినా దసరాకు మొదలుపెడితే సంక్రాంతికి అయిపోయే పని.

నాకు అలా అవలేదు. కారణం ఇత్తడి.

కొత్త బండి కొని, కంపెనీ ఇచ్చిన సైలెన్సరు పీకేసి, బయట కొన్నది తగిలించుకునే కుర్రాళ్లను చూస్తుంటారు కదా. నౌకల్లోనూ అంతే. కిట్ చేసేది ఒకరు, దానికి ఇంకా సన్నటి పార్టులు చేసి అమ్మేది ఇంకొకరు. చెక్ దేశంలో ఎడ్యువార్డ్, పోలండ్‌లో మాస్టర్, కొరియాలో పాంటోస్, ఇంకా ఎందరో. పల్చటి ఇత్తడి రేకు మీద వెలుతురు తగిలితే గట్టిపడే పూత పూస్తారు. బొమ్మ ఉన్న ఫిల్ము పెట్టి దాని మీద అతినీలలోహిత కాంతి పడేలా చేస్తారు. తరవాత పూత లేని చోటల్లా రసాయనం తినేస్తుంది. మిగిలినవే నౌక అంచున కట్టే కటకటాలు, నిచ్చెనలు, తలుపులు, చక్రాలు. తుపాకి గొట్టాలైతే లేతు మీద చెక్కినవి, చివర బెజ్జం కూడా ఉంటుంది. వాటి ఫోటో ఒకసారి చూసిన మనిషికి కిట్‌లోని ప్లాస్టిక్ కటకటాలు పశువుల కొట్టంలో గుంజల్లా కనపడతాయి. నాకూ అలాగే కనపడ్డాయి. తెప్పించాను. నౌక ఒక్క ముక్క కూడా అతకకముందే దానికి నగలన్నీ వచ్చేశాయి. సుంకంతో కలిపి లెక్కేసుకుంటే కిట్ ధర వెలవెలబోయింది.

పార్సిల్ వచ్చినరోజు మా ఆవిడ వంటింట్లోంచే అడిగింది. ‘‘ఎంత లెక్కయ్యింది?’’

‘‘ఏం లేదు, ఏవో రేకులు. నూరో నూటాభయ్యో’’ అన్నాను.

అది పచ్చి అబద్ధం. కానీ చీర ధర తగ్గించి చెప్పని ఇల్లాలు, సెల్లు ధర తగ్గించి చెప్పని కొడుకు, ఎరువు అప్పు తగ్గించి చెప్పని రైతు మన జిల్లాలో ఉన్నారా? మనకు ప్రాణమైన వస్తువు ధర నిజంగా చెప్పుకోవాలంటే నాలుక తిరగదు. ప్రేమకు ధర అడిగితే సిగ్గేస్తుంది, అంతే.

ఈ రేకులు వాడాలంటే ఒక పని చెయ్యాలి. కిట్‌లో ప్లాస్టిక్‌తోనే పోతపోసిన మెట్లు, తలుపులు, చుట్టలు ముందు చెక్కేసి, ఆ చోటు నున్నగా చెయ్యాలి. చెక్కితే మళ్లీ రావు. నేను వారం తిరక్కుండా అన్నీ చెక్కేశాను. వాటి స్థానంలో ఇత్తడి అతకగలనో లేదో పరీక్షించి చూసుకోలేదు. కొన్నదాని మీద అంత నమ్మకం, నా చేతి మీద అంతకంటే ఎక్కువ నమ్మకం. ఖరీదైన వస్తువు కొనగానే ఆ పనితనం కూడా చేతికి వచ్చేసినట్టు అనిపించడం మనిషికి పుట్టుకతో వచ్చిన జబ్బు. కొత్త హార్మోనియం కొన్న మర్నాడే కచేరీ గురించి ఆలోచిస్తాం.

ప్లాస్టిక్ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది. ఇత్తడిని ఏం కరిగిస్తుంది? దానికి ఫెవిక్విక్ లాంటి జిగురే గతి. ఆ జిగురు గట్టిపడాలంటే గాలిలో తేమ కావాలి. ఏప్రిల్‌లో గుత్తి గాలిలో తేమ ఎక్కడిది? కటకటం పెట్టి, ఊపిరి బిగబట్టి, పట్టకారు తీసేస్తే చాలు, అది మెల్లగా పక్కకు ఒరిగేది. సరిచేయబోతే నా వేలికి అంటేది. ఎయిర్‌బ్రష్‌తో రంగు కొడితే దారిలోనే ఎండి, నౌక మీద ముగ్గుపిండి చల్లినట్టు పడేది. కిటికీ తెరిస్తే ఎర్రదుమ్ము వచ్చి తడిరంగు మీద కూర్చునేది. కిటికీ మూస్తే నేను ఉడికిపోయేవాణ్ని. ఈ విద్య పుట్టిన దేశాల వాతావరణానికీ మాకూ ఎక్కడా పొంతన లేదని అప్పుడు తెలిసింది. పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుని, అతుకు మీద నోటితో ఆవిరి ఊదితే జిగురు పట్టుకుంటుందని చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

పైగా రంగు విషయంలో ఇంకో పేరాశ. యుద్ధానికి ముందు ఎమ్డెన్ చైనా తీరంలోని జర్మన్ స్థావరంలో తెల్లటి రంగుతో మెరిసేది. దాన్ని తూర్పు హంస అనేవాళ్లు. యుద్ధం వచ్చాక బూడిదరంగు పూశారు. మద్రాసు మీదికి వచ్చింది ఆ బూడిదరంగు నౌకే. నాకు సంగతి తెలుసు. తెలిసి కూడా తెలుపు వేశాను, చూడ్డానికి అందంగా ఉంటుందని, ఇంటికొచ్చినవాళ్లు అబ్బ అంటారని. వేశాక మనసు పీకింది. మద్రాసు కోసం కడుతూ మద్రాసు చూడని రంగు వేస్తానా అని మళ్లీ బూడిదరంగు కొట్టాను. రెండు పూతలు పడేసరికి నేను వేలు పోసి కొన్న ఆ సన్నటి సందులన్నీ పూడిపోయాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పాలంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మే నెల, మిట్టమధ్యాహ్నం. కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయింది కాబట్టి గాలి కదలదు, ఇదే మంచి ముహూర్తం అనుకుని ఎమ్డెన్ పది తుపాకుల ఇత్తడి గొట్టాలూ తెల్లకాగితం మీద వరసగా పేర్చాను. ఒక్కొక్కటీ పన్నెండు మిల్లీమీటర్లు, గుండుసూది కంటే సన్నం. పక్కనే కత్తిరించిన నిచ్చెనలు, చక్రాలు. ఫ్యాను స్విచ్చి ఆపలేదు. అది ఐదులోనే ఉంది. భూతద్దం సర్దుకున్నాను, పట్టకారు అందుకున్నాను, మొదటి గొట్టం ఎత్తబోయాను, కరెంటు వచ్చింది, ఫ్యాను గిర్రున తిరిగింది, కాగితం లేచింది, గొట్టాలు లేచాయి, నిచ్చెనలు లేచాయి, నేనూ లేచాను, కుర్చీ వెనక్కి పడింది, చెయ్యి తగిలి రంగుడబ్బా దొర్లింది, నేను కెవ్వున అరిచాను, ఎవరికో ఏదో అయిందని మా ఆవిడ చేతిలో అట్లకాడతో పరిగెత్తుకొచ్చింది, సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలో ఆటో ఆగింది, మా అన్న కూతుర్ని చూసుకోవడానికి పెళ్లివారు దిగారు, నేను గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి ‘‘ఎవరూ లోపలికి రావద్దు, తుపాకులు కిందపడ్డాయి’’ అని కేకేశాను.

పెళ్లికొడుకు తండ్రి ఒక అడుగు వెనక్కి వేశాడు. మా అన్న నావైపు చూసిన చూపు నేను చెప్పలేను. మా ఆవిడే ముందుకొచ్చి ‘‘అవి ఆడుకునే తుపాకులు లేన్నా, ఇంతింతే ఉంటాయి. మీరు ఇట్ల పక్కగదిలోకి రాండి’’ అని చేతివేళ్లతో కొలత చూపించి ఆ పూటకు పరువు నిలిపింది. వాళ్లు ఉప్మా తింటున్నంతసేపూ నేను గదిలో మోకాళ్ల మీద పాకుతూ ఉన్నాను. అయస్కాంతం తెచ్చి నేలంతా తిప్పాను. ఇత్తడికి అయస్కాంతం అంటదన్న సంగతి ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుసు, నాకూ తెలుసు, అయినా తిప్పాను. ఆ గదిలో కొన్నాళ్లపాటు చీపురు పెట్టనివ్వలేదు. దొరికినవి కొన్ని. మిగతావి ఏ గోడ పగుల్లోకి పోయాయో.

ఆ సంబంధం కుదిరింది, పెళ్లీ అయింది. కానీ ఆ రోజు పిల్ల జీవితం కంటే నాకు ఇత్తడి గొట్టం ముఖ్యమైందన్న బాధ మాత్రం ఉండిపోయింది. ఇష్టం ముదిరితే మనం దేనికి కావలి కాస్తున్నామో కూడా మరిచిపోతాం. పేకాటలో, పొలం తగాదాలో, పిల్లల మార్కుల్లో మీరూ ఇలా గుమ్మానికి అడ్డం నిలబడిన రోజు ఒకటి ఉండే ఉంటుంది.

వంకరపోయిన కటకటాలు పట్టుకుని బజార్లో నగలు చేసే ఆచారి దగ్గరికి పోయాను. ఆయన కంటికి అద్దం తగిలించుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

‘‘ఇది ఏ దేవునికప్పా?’’ అన్నాడు.

‘‘దేవునికి కాదు, నౌకకు. వంచితే విరుగుతాంది.’’

‘‘మంట చూపించకుండా వంచితే ఇత్తడి మాట వింటాదా? కాల్చి, చల్లార్చి, ఆనక వంచాల.’’ దీపం సెగ మీద ఒక్క క్షణం ఆడించి వంచి చూపించాడు. చెప్పినట్టు వంగింది. తరవాత అద్దం తీసేసి ‘‘పనైతే చేసిస్తా గానీ, ఇంత సన్నం ఎవరికి కనపడాలని?’’ అని అడిగాడు.

ఆ ప్రశ్నకు ఇంటికొచ్చి కాగితం మీద జవాబు వెతికాను. రేకు మందం 0.1 మిల్లీమీటరు అనుకుందాం. 350తో గుణిస్తే 35 మిల్లీమీటర్లు. అంటే అసలు నౌకలో అది ఇంచుమించు ఒకటిన్నర అంగుళాల గొట్టం. ఎమ్డెన్ అంచున కట్టింది తాళ్లూ తీగెలూ. నేను వేలు పోసి కొన్న అతిసన్నటి ఇత్తడి కూడా నిజానికి లావే! ఆరడుగుల నావికుడు ఈ స్కేలులో ఐదు మిల్లీమీటర్ల చిల్లర. మూడడుగుల దూరంలో నిలబడి చూసేవాడి కంటికి ఇత్తడి కటకటమూ ఒకటే, కొవ్వొత్తి సెగకు ప్లాస్టిక్ పుల్ల వేడిచేసి సాగదీసిన పోగూ ఒకటే. నేను నిజం కోసం కొన్నానని ఇన్నాళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను. కొన్నది పక్కవాడి నౌక కంటే నా నౌకలో ఒక నిచ్చెన ఎక్కువ ఉండాలని.

నన్ను మార్చింది మాత్రం ఎమ్డెన్ చరిత్రే. ఆ నౌకకు మూడే పొగగొట్టాలు. హిందూ మహాసముద్రంలో తిరిగే బ్రిటిష్ క్రూయిజర్ యార్మత్‌కు నాలుగు. అందుకని ఎమ్డెన్ నావికులు కర్రలతో చట్రం కట్టి, కాన్వాసు గుడ్డ చుట్టి, నాలుగో పొగగొట్టం ఒకటి తయారుచేశారు. కావలసినప్పుడు నిలబెట్టేవాళ్లు, అక్కర్లేనప్పుడు దించేవాళ్లు. 1914 అక్టోబరు 28 తెల్లవారుజామున ఆ గుడ్డ గొట్టంతోనే పెనాంగ్ రేవులోకి దర్జాగా వెళ్లి, రష్యన్ క్రూయిజర్ జెమ్చుగ్‌ను ముంచింది. దాని మీద ఉన్నవాళ్లు ఎందరో చనిపోయారు. పన్నెండు రోజులకు, నవంబరు 9న, కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో ఎమ్డెన్ పని అయిపోయింది. నూటముప్పై మందికి పైగా పోయారు. కెప్టెన్ మ్యూలర్ మునగబోయే నౌకను దిబ్బ మీదికి ఎక్కించి మిగిలినవాళ్లను కాపాడాడు.

సముద్రం మధ్యలో, ఏ దుకాణమూ లేని చోట, కర్రా గుడ్డా చేతికి దొరికిందీ పెట్టి ఆ నావికులు తమ నౌకకు అదనపు పార్టు చేసుకున్నారు. అది కొలతకు సరిగ్గా ఉందో లేదో గాని పనికొచ్చింది. వాళ్ల నౌకనే కడుతున్న నేను రెండు ఖండాల నుంచి పార్టులు తెప్పించుకుని కూడా ఒక్క తుపాకీ నిలబెట్టలేకపోయాను. ఆ చరిత్ర చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మందుల షాపుకు పోయి 26 గేజి ఇంజెక్షన్ సూదులు కొన్నాను. వాటి వెలుపలి వ్యాసం 0.46 మిల్లీమీటర్లు. 350తో గుణిస్తే 16 సెంటీమీటర్లు. లోపలి వ్యాసం 10.5 సెంటీమీటర్లున్న ఎమ్డెన్ ఫిరంగి గొట్టం మూతికి, లోహం మందంతో కలిపి, చక్కగా సరిపోయే కొలత, పైగా లోపల బెజ్జం కూడా ఉంది! మొన దగ్గర ఆకురాయితో కోసి, పన్నెండు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున పదీ నిలబెట్టాను. ఆచారి వంచిచ్చిన కటకటాలు బాగున్న చోట వాడాను, లేని చోట సాగదీసిన ప్లాస్టిక్ పోగు లాగాను. కొయ్యలకు కట్టే తాళ్లు కూడా ఆ పోగుతోనే. నాలుగో పొగగొట్టం చీపురుపుల్లలతో చట్రం చేసి, కాగితం చుట్టి, జిగురు పూసి కట్టాను. దాన్ని అంటించలేదు. అసలు నౌకలో లాగే ఎత్తి పెట్టొచ్చు, తీసెయ్యొచ్చు. ఈసారి ఫ్యాను స్విచ్చి ఆపే కూర్చున్నాను.

నౌక పూర్తయింది. కుడిపక్క కటకటం కొంచెం వంకర. రెండో పొగగొట్టం మీద ఒకచోట రంగు గరుకుగా ఉంది. నిజం కోసం ఇవి రెండూ చెబుతున్నాను, మిగతావి మీరు వచ్చి చూడొచ్చు. మా వీధి పిల్లలు అందరికంటే ముందు పట్టుకున్నది ఆ కాగితం గొట్టాన్నే. ఎందుకు తీస్తారు, ఎందుకు పెడతారు అని అడిగారు. మద్రాసు, పెనాంగ్, కోకోస్ కథ మొత్తం చెప్పాను. ‘‘మద్రాసులో సచ్చిపోయినోళ్ల పేర్లు ఉన్నాయా సార్?’’ అని ఒక పాప అడిగింది. ఇన్నేళ్లు కటకటాల సందులు లెక్కపెట్టాను గాని ఆ ప్రశ్న నాకు తట్టలేదు. యుద్ధనౌక బొమ్మ కట్టేవాడు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అదే.

ఇత్తడి రేకులు చెడ్డవని నేను అనను. చేసేవాళ్ల నైపుణ్యానికి దండం పెట్టాలి. చెయ్యి తిరిగినవాడు వాటితో అద్భుతం చేస్తాడు. కానీ చెయ్యి తిరిగేది కొంటే కాదు, కడితే. నౌక పూర్తి చెయ్యడం నేర్చుకోకుండా నౌకను సింగారించబోయాను. నా తప్పంతా అదే.

కాబట్టి ఒక్క మాట వినండి. మీ అటక మీద సగంలో ఆగిపోయిన పెట్టె ఏదైనా ఉంటే ఈ ఆదివారం కిందికి దించండి. అందులో ఉన్నవాటితోనే పూర్తి చెయ్యండి. లేనిదాన్ని సూదితోనో, కాగితంతోనో మీరే చేసుకోండి. అదయ్యాక ఇంకా ఇత్తడి కావాలనిపిస్తే హాయిగా కొనుక్కోండి. కొన్నాక దాని ధర మాత్రం ఇంట్లో నిజంగా చెప్పండి.